అబిగయీలు చెప్పిన సాక్ష్యం

అబిగయీలుది చేతికి ఎముక లేని స్వభావం. ఊళ్ళో చావైనా పెళ్ళయినా అడక్కుండానే వచ్చి పొయ్యి దగ్గర నిలబడుతుంది. చర్చి ఊడ్చే వంతు తనది కాకపోయినా చీపురు పట్టుకుంటుంది. ఒక్క తోడికోడలి మాట ఎత్తితే మాత్రం పచ్చి చింతకాయ కొరికినట్టు మొహం పెడుతుంది. ఏటిమొగ అనే ఆ పాలెంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఒకపక్క సముద్రం, మిగతా మూడుపక్కలా రొయ్యల గుంటలు, మధ్యలో గుప్పెడు ఇళ్ళు. అంత చిన్న ఊళ్ళో కుళ్ళు దాచుకోవడం ఎవరి తరమూ కాదు. అబిగయీలు దాచుకోవాలని ప్రయత్నించనూ లేదు.

ఆమె పుట్టింటివాళ్ళు సంగం దగ్గర వరి పండించుకునేవాళ్ళు. పెన్న నీళ్ళు తాగి పెరిగిన పిల్ల. సంజీవరావును చేసుకుని ఈ ఉప్పుగాలి ఊరికి వచ్చింది. బిందె పట్టుకుని ఎంతో దూరం నడిస్తే గాని మంచినీళ్ళు దొరకని రోజులవి. అత్త ఎలిశబెతమ్మ నోట మెప్పుమాట వినడానికి ఆమె చేయని చాకిరీ లేదు. అత్త చెడ్డది కాదు గాని పొదుపరి, మాటల్లో కూడా. కూర బాగుంటే ఇంకొంచెం వేసుకునేది. అదే మెప్పు. అదే చాలనుకుని అబిగయీలు సర్దుకుపోయింది.

అప్పుడు మరిది రూఫస్ మలేషియా నుంచి దిగాడు. అక్కడి హోటల్లో మూడేళ్ళు పనిచేసి, వస్తూ వస్తూ పెళ్ళి చేసుకోబోయే పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల పేరు ధనలక్ష్మి. ఆమె తాత ముత్తాతలు ఎప్పుడో ఈ తీరం నుంచే రబ్బరు తోటల్లో కూలికి ఓడెక్కి పోయినవాళ్ళట. అక్కడే పుట్టి పెరిగినా తెలుగు మాట్లాడుతుంది, అదీ మన ముసలివాళ్ళు కూడా మరిచిపోయిన పాత మాటలతో. మొదటిరోజే ఆ పిల్ల అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అట్లా మాట్లాడుతుంటే, ఎలిశబెతమ్మ పకపకా నవ్వింది. అత్తకు అన్ని పళ్ళు మిగిలి ఉన్నాయని అబిగయీలుకు ఆ రోజే తెలిసింది. అప్పుడు కడుపులో అంటుకున్నది మళ్ళీ ఆరలేదు.

పెళ్ళి చర్చిలో జరగాలంటే బాప్తిస్మం కావాలన్నాడు పాస్టరుగారు. సముద్రంలో కలిసే ఏటి దగ్గర, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడవాళ్ళందరూ నిలబడ్డారు. కొత్తపిల్ల పొడిబట్టలు అబిగయీలు చేతిలో ఉన్నాయి. ఏ పేరు పెడదాం తల్లీ అని పాస్టరుగారు అడిగితే, పెద్దకోడలి హోదాలో ఆమే ముందుగా నోరు తెరిచి లిల్లీ అన్నది. పేరు ఎంత తెల్లగా ఉందో అని ఆయన మురిసిపోయి పిల్లను ముంచాడు. నీళ్ళలోకి ధనలక్ష్మి వెళ్ళింది, లిల్లీ బయటికి వచ్చింది. లిల్లీ అనేది ఆ వారమే సంతకు తోలేసిన ఇంటి మేక పేరు. ఎలిశబెతమ్మ పెద్దకోడలి వంక గుడ్లురిమి చూసింది గాని, పాస్టరుగారి ముందు ఏమీ అనలేకపోయింది.

ఆ ఊళ్ళో మనిషికి రెండు పేర్లుండటం వింతేమీ కాదు. బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. రూఫస్‌ను బడిలో వేసినప్పుడు పంతులు అతని తాత పేరునే తీసుకుని చిన్నపోలయ్య అని రాసుకున్నాడు. ప్రభుత్వానికి నేటికీ ఆయన చిన్నపోలయ్యే. ఆ పేరుతో పిలిస్తే రూఫస్ కూడా వెంటనే తల తిప్పడు. లిల్లీ పాస్‌పోర్టులో ధనలక్ష్మి అనే ఉండిపోయింది. దాని వల్ల ఏనాటికైనా చిక్కొస్తుందని ఎవరికీ తోచలేదు.

అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కనే. రెండింటికీ తండ్రినాటి ఒకే ఇంటి నంబరు, మధ్యన నడుమెత్తు గోడ. ఆ గోడ మీద నుంచి ఇరవై రెండేళ్ళు అబిగయీలు చూస్తూనే ఉంది. లిల్లీ కొబ్బరిపాలు పోసి చేపల పులుసు పెడితే వాసనకు వీధంతా ఆగేది. లిల్లీ పాట ఎత్తుకుంటే చర్చిలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్ళు. మొక్క నాటితే బతికేది. తన పెరట్లో అదే మొక్క, అదే మట్టి, ఎండిపోయేది. లిల్లీ ఏ రోజూ ఒక్క గొప్ప మాట అన్నది లేదు. అన్నా బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

అయితే అబిగయీలు దగ్గర ఒకటి ఉంది, లిల్లీ దగ్గర లేనిది. ఓటు. లిల్లీ పరాయి దేశస్థురాలు. వీసా పొడిగించుకోవడానికి ఏటేటా నెల్లూరు వెళ్ళి, పోలీసు ఆఫీసు బల్ల మీద కూర్చుని రావాలి. మొగుడు భారతీయుడు, కూతురు వినీల భారతీయురాలు, ఆ ఇంట్లో కానిది ఆమె ఒక్కతే. ఎన్నికలొస్తే కండువాల వాళ్ళు అబిగయీలు గడప ముందు వంగి వంగి అమ్మా అంటూ దణ్ణాలు పెట్టేవాళ్ళు. పక్క గడప దగ్గర లిల్లీకి ఒక నవ్వు పారేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఓటు వేసి వచ్చిన ప్రతిసారీ అబిగయీలు నేరుగా గోడ దగ్గరికి వెళ్ళేది. సిరా గుర్తు పెట్టిన వేలు ఎత్తి, చూడు మ్మే, ఈసారి ఎంత నల్లగా పెట్టినారో అనేది. లిల్లీ అంట్లు తోముతూ తలెత్తి, బాగుందక్కా అనేది. ఆ పూట అబిగయీలుకు అన్నం సయించేది.

లిల్లీ మాత్రం అన్నేళ్ళు ఎందుకు ఊరుకుందంటే, మలేషియాలో తండ్రి ఆదెయ్య బతికి ఉన్నాడు. ఈ దేశపు పౌరసత్వం తీసుకుంటే అక్కడిది వదులుకోవాలి. ముసలాయన్ను చూడటానికి సొంత ఊరికి కూడా వీసా అడుక్కుని పోవాలా అని ఆమె బాధ. ఆయన పోయాక ఇక అక్కడ ఎవరూ మిగల్లేదు. ఆయన పోయి నాలుగేళ్ళు దాటినా ఆమె ఎటూ కదల్లేదు కూడా. నాయుడుపేటలో నెట్ సెంటరు పెట్టుకున్న సుశీల్ కుమార్ అనే బంధువు చేత రూఫస్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టించాడు. ఫోన్‌కు వచ్చే ఓటీపీ నంబర్లు మీరు చూసుకోలేరులే బాబాయ్ అని ఆ సుశీల్ తన నంబరే అందులో ఎక్కించుకున్నాడు.

దరఖాస్తు పెట్టారో లేదో, ఊరు సంబరం మొదలుపెట్టింది. కలెక్టరు చేతుల మీదుగా ఇస్తారంట, ఫోటో తీస్తారంట, చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టాలంట. అబిగయీలు అదైనా ఓర్చుకునేదేమో. బావి దగ్గర ఎవరో, లిల్లీకి ఓటొస్తే వార్డు మెంబరుగా నిలబెడదాం, ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి, మాట్లాడటం తెలుసు అన్నారు. అక్కడున్న వాళ్ళంతా అవునంటే అవునన్నారు. అబిగయీలు బిందె నిండకుండానే తాడు వదిలేసి ఇంటికి వచ్చింది. తను ఈ గడ్డ మీదే పుట్టింది. ఒక్క కలెక్టరు తనకు ఒక్క కాగితం ఇచ్చి ఎరగడు. పుట్టినందుకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కడో పుట్టినదానికి ఇన్ని చప్పట్లా అని ఆమె ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో ఉండగానే పెంచలకృష్ణ వచ్చాడు. విచారణకు వచ్చిన పోలీసు. మఫ్టీలో, మోటారు సైకిల్ మీద, ఎండకు వాడిపోయి ఉన్నాడు. ఆ పూట ఊరంతా రొయ్యలు పట్టడానికి గుంటల మీదికి పోయింది. రూఫస్, లిల్లీ వినీలను పీజీలో చేర్చడానికి నెల్లూరు పోయారు. ఇచ్చిన ఫోన్ నంబరు కొడితే ఎవరో నెట్ సెంటరు అంటున్నారని, వీధి మొదట్లో కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పిల్లను అడిగితే తెలియదన్నదని అతను విసుక్కుంటున్నాడు. ఇంటి నంబరు చూసుకుని అబిగయీలు గుమ్మంలోకి వచ్చాడు. ఆమె మజ్జిగ కలిపి ఇచ్చింది. అతను కాగితం తీశాడు. జిరాక్సులో ఫోటో నల్లగా అలికినట్టు ఉంది. చిన్నపోలయ్య భార్య ధనలక్ష్మి ఉండేది ఇక్కడేనా అని అడిగాడు.

అబిగయీలు ఖాళీ గ్లాసు తీసుకుంది. గోడ అవతల లిల్లీ ఆరేసిన చీరలు గాలికి కొట్టుకుంటున్నాయి.

“ఆ పేరు గల మనిషి ఈడ లేదు నాయనా,” అంది.

బాగా తెలుసా అని అతను మళ్ళీ అడిగాడు. ఇన్నేళ్ళుగా ఈడ్నే ఉండా, నాకు తెలీకుండా ఎవురుంటారు అని గట్టిగా చెప్పింది. అతను ఆమె పేరు, మొగుడి పేరు రాసుకుని వెళ్ళిపోయాడు. తను అబద్ధం ఆడలేదని అబిగయీలు మధ్యాహ్నమంతా మనసుకు నచ్చజెప్పుకుంది. ధనలక్ష్మి అని ఈ ఊళ్ళో ఎవరు పిలుస్తున్నారు? ఆ పేరును ఏట్లో ముంచేటప్పుడు బట్టలు పట్టుకుని నిలబడింది తనే కదా. అట్లా అనుకుంటూ కడుపునిండా తిని పడుకుంది.

రెండు నెలల తర్వాత కబురొచ్చింది. చెప్పిన చిరునామాలో మనిషి లేదు కనుక దరఖాస్తు మూసేశారు. అంతటితో ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఏ చిరునామా చూపించి వీసా పొడిగించుకుంటున్నారో అక్కడ మనిషే లేదంటే, ఇక పొడిగింపు ఎట్లా ఇస్తారు? సంజాయిషీ చెప్పుకోవాలి, లేకపోతే గడువు లోపల దేశం విడిచి వెళ్ళాలి. గోడ అవతల లిల్లీ ఏడవలేదు. పంపు దగ్గర అదేపనిగా ఒకే గిన్నె తోముతూ కూర్చుంది. ఆ రుద్దుడు చప్పుడు ఎంతకీ ఆగకపోయేసరికి అబిగయీలు అన్నం ముందు నుంచి లేచిపోయింది.

ఓటు రాకుండా ఉంటే చాలనుకుంది. మనిషే లేకుండా పోవాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు. గోడ అవతల లిల్లీ లేకపోతే తను ఎవరిని చూసి కుళ్ళుకోవాలి, ఎవరి కూర వాసనకు మూతి తిప్పుకోవాలి? అయినా వెళ్ళి ఒక్క మాట చెప్పడానికి కాళ్ళు రాలేదు.

లిల్లీయే వచ్చింది. ఆ ధనలక్ష్మీ, ఈ లిల్లీ ఒకరేనని, ఇన్నేళ్ళూ ఇక్కడే ఉందని చెప్పగలిగే మనిషి కావాలట. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు పోయాడు. ఎలిశబెతమ్మ పోయింది. చర్చిలో రాసింది లిల్లీ అని మాత్రమే. బాప్తిస్మం రోజు సంజీవరావు గుంట మీద కాపలా ఉన్నాడు. మిగతా ఆడవాళ్ళకు ఆ పాత పేరు గుర్తులేదు, మొగుడి మాట చెల్లదన్నారు. నీళ్ళలో పక్కన నిలబడింది నువ్వేనక్కా, నువ్వొస్తే చాలు అన్నది లిల్లీ. అబిగయీలు చీర మార్చుకుని బస్సెక్కింది. బస్సులో కిటికీ పక్క సీటు లిల్లీకే దొరికింది. అంత గుబులులోనూ అబిగయీలు దాన్ని గమనించింది.

నెల్లూరులో ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టరు పేరు నరేంద్రబాబు. కోపిష్టి కాదు, అలసిపోయిన మనిషి. ముందు అబిగయీలు ఓటరు కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను భారతీయురాలో కాదో చూస్తున్నాడని అర్థమై ఆమెకు మండుకొచ్చింది. ఆయన చూపించమంటే లిల్లీని చూపించి, ఈమె మా తోడికోడలు, ఇప్పటి పేరు లిల్లీ, అసలు పేరు ధనలక్ష్మి అని చెప్పింది. ఆయన ఫైలు తెరిచాడు.

“మరి మా వాడితో అట్లాంటి మనిషే లేదని చెప్పింది మీరే కదమ్మా?”

లిల్లీ అబిగయీలు వైపు చూడకుండానే అందుకుంది.

“అక్క మరిచిపోయింది సార్. ఆ పేరుతో నన్నెవురూ పిలవరు.”

అంటే లిల్లీకి ఆ సంగతి ముందే తెలుసు. సంజాయిషీకి వచ్చిన రోజే ఇదే బల్ల ముందు విని ఉంటుంది. తెలిసే గోడ దాటి వచ్చింది, తెలిసే అక్కా అని పిలిచింది.

ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మరిచిపోయిన మనిషికి ఇప్పుడు ఎట్లా గుర్తొచ్చిందని పైవాళ్ళు అడుగుతారు, మొహమాటానికి తెచ్చుకున్న సాక్ష్యం అంటారు, ఇది నిలవదు అన్నాడు. ఫైలు మూయబోయాడు. లిల్లీ ఒళ్ళో పాస్‌పోర్టు పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి. మరిచిపోయానని ఊరుకుంటే అబిగయీలు పరువు దక్కుతుంది, లిల్లీ పోతుంది.

“మరిచిపోలేదు సార్. తెలిసే లేదన్నా.”

“ఎందుకు?”

“కుళ్ళు సార్. ఇంకేం లేదు. దీన్ని చూస్తే నాకు కుళ్ళు.”

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. కుళ్ళేమిటమ్మా అన్నాడు. అడగక అడగక ఒక మనిషి అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా లోపల కుక్కుకున్నదంతా తన్నుకుని వచ్చింది. వచ్చిన రోజే అత్తను నవ్వించిందన్నది. సునామీ రోజు తను కోళ్ళ గంప పట్టుకుని పరిగెత్తితే, ఇది నెలలు నిండిన కడుపుతో అత్తను చెయ్యిపట్టి దిబ్బ మీదికి ఎక్కించిందన్నది. ఊరు ఊరంతా ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటుందన్నది. రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలిన ఏడు, తన ఇంట్లో పొయ్యి వెలగకపోతే, ఇది అడక్కుండానే చేతి గాజులు తీసి గోడ మీద పెట్టిందన్నది. వాటిని తీసుకోవాల్సి వచ్చినందుకు ఈనాటికీ ఒళ్ళు మండుతుందన్నది. అత్త మంచాన పడ్డ రెండేళ్ళూ దీని చేత్తో పోస్తేనే గంజి తాగిందని, చివరి మాట కూడా దీని పేరేనని చెప్పింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కరోనా ఏడు ఊరందరికీ మూతిగుడ్డలు కుట్టి, తనకు మాత్రం పువ్వు కుట్టి ఇచ్చిందట, ఎంత మంచిదో చూపించుకోవడానికి. వాళ్ళ నాయన పోయింది మొదలు యాడికీ పోకుండా ఈ గోడ అవతలే పడి ఉందని, పొద్దున లేస్తే దీని మొహమే చూడాల్సొస్తుందని ముగించింది.

ఇన్‌స్పెక్టరు ఎప్పుడు రాయడం మొదలుపెట్టాడో ఇద్దరూ చూడలేదు. రాసి రాసి చివరికి తలెత్తాడు.

“ఒక్క ఏడూ వదల్లేదే మీరు?” అన్నాడు.

“అదెక్కడికైనా పోతే కదా సార్, వదిలేదానికి.”

ఆయన మొదటిసారి నవ్వాడు. మంచి అని చెప్పడానికి వచ్చేవాళ్ళందరూ నాలుగు ముక్కలు అప్పజెప్పి పోతారు, ఇంత కుళ్ళు పక్కింట్లో కాపురం ఉంటే తప్ప పుట్టదు అన్నాడు. పోలీసుకు అబద్ధం చెప్పినందుకు మాత్రం బాగానే చీవాట్లు పెట్టాడు. చెప్పినదంతా ఆమెకు చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. మళ్ళీ విచారణకు మనిషిని పంపుతానన్నాడు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. రోడ్డు పక్క రొయ్యల గుంటల్లో గాలి కోసం పెట్టిన చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. అప్పుడు లిల్లీ అంది:

“అన్నీ చెప్పినావు గాని, మేక సంగతి చెప్పలేదేందక్కా?”

అబిగయీలు కిటికీ వైపు తిరగబోయింది. కిటికీ పక్క కూర్చున్నది ఈసారి తనే.

“నీకెవురు చెప్పినారు?”

“అత్తమ్మ. పెళ్ళయిన నెలకే. పేరు మార్పించుకోమన్నది కూడా. నేనే వద్దన్నా. ఈడ నాకు పేరు పెట్టి మొదట పిలిచింది నువ్వే గదా.”

అబిగయీలు ఏడ్చింది. బస్సులో నలుగురూ చూస్తున్నా ఏడ్చింది. ఏడుస్తూనే, చూడు, ఇందులో కూడా ఇదే గెలిచింది అనుకుంది.

పౌరసత్వం వచ్చింది. కలెక్టరు ఆఫీసు హాల్లో లిల్లీ నిలబడి ప్రమాణం చదివింది. ఈ దేశానికి విశ్వాసంగా ఉంటానని తన పాత తెలుగు యాసలో చెప్పింది. సర్టిఫికెట్ మీద ధనలక్ష్మి అలియాస్ లిల్లీ అని రాశారు, పట్టుబట్టి ఆమే రాయించుకుంది. వెనక వరుసలో అబిగయీలు అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తననెవరూ ఏనాడూ అట్లా నిలబెట్టి విశ్వాసంగా ఉంటావా అని అడగలేదు. అడిగితే తనూ చెప్పేది, లిల్లీ కంటే గట్టిగా చెప్పేది.

ఆ తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో లిల్లీని వార్డు మెంబరుగా నిలబడమన్నారు. ముందు ఓటు వెయ్యడం నేర్చుకోనీండి అని ఆమె నవ్వేసింది. ఓటు రోజు అబిగయీలు పొద్దున్నే వెళ్ళి వేసి వచ్చి, వంటలో పడింది. అలవాటున వేలు ఎత్తి గోడ వైపు రెండడుగులు వేసి, లిల్లీ ఇంకా వరుసలోనే ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది.

కాసేపటికి గోడ అవతల గాజుల చప్పుడైంది.

“అక్కా, చూడు,” అంది లిల్లీ.

సిరా ఇంకా ఆరని వేలు గోడ మీదుగా పైకి లేచింది. లిల్లీ మొహంలో వెక్కిరింపు లేదు, సంతోషం తప్ప మరేమీ లేదు. అయినా ఆ నల్లటి చుక్క చూడగానే అబిగయీలు గుండెలో సన్నగా కలుక్కుమంది. ఇన్ని ఎన్నికలూ గోడకు ఇవతల నుంచి తను ఎత్తి చూపించిన వేలు, అవతల అంట్లు తోముకుంటున్న మనిషికి ఎట్లా కనపడి ఉంటుందో ఆమె ఇప్పుడు చూసింది.

“బాగుంది మ్మే,” అంది. తన వేలిని మాత్రం చీర కొంగులో దాచుకుంది.